ఎంత సర్వర్ కావాలి? మేం రెండుసార్లు తప్పిన లెక్క



పోయిన వారం గ్రూపులో ఇద్దరు తమ్ముళ్లు ఒకే ప్రశ్న అడిగారు. ఒకతను వాళ్ల కాలేజీ లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌ని క్లౌడ్‌కి మార్చే పనిలో ఉన్నాడు. ఇంకొకతనికి చేరి ఆరు నెలలు కాకముందే ఆఫీసులో అదే పని అప్పజెప్పారు. "అన్నా, లిస్టు చూస్తే వందల రకాలున్నాయి. ఎంత సైజు తీసుకోవాలి?" అని అడుగుతున్నారు. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి వదిలేయొచ్చు. కానీ ఈ విషయంలో మేం చేసిన తప్పులకి ఖర్చయింది మీ అందరి డబ్బు. అందుకే లెక్క మొత్తం ఇక్కడే పెడుతున్నాం. కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మేం అంటే మన పాత ప్రశ్నపత్రాల సైట్ చూసుకునే నలుగురం. నలుగురం ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్లమే. హన్మకొండలో అద్దె గదిలో ఉన్నప్పుడు ఈ సైట్ మొదలుపెట్టాం. పాత ప్రశ్నపత్రాలు, స్కాలర్‌షిప్ గడువు తేదీలు, ఏ దరఖాస్తుకి ఏ సర్టిఫికెట్ కావాలో చెప్పే లిస్టులు ఉండేవి. తర్వాత పెద్దవాళ్ల దగ్గర రికార్డు చేసిన కోయ, గోండి మాటలు, పాటలు కూడా చేర్చాం. ఒక సీనియర్ అన్న ఆఫీసులో తీసేస్తున్న పాత సర్వర్ మాకు ఇప్పించాడు. 8 థ్రెడ్ల ప్రాసెసర్, 32 జీబీ ర్యామ్. మంచం కింద పెట్టి నడిపాం. రాత్రంతా దాని ఫ్యాను చప్పుడే మాకు జోలపాట. కరెంటు పోతే సైట్ పోయేది. వాన పడితే నెట్ పోయేది. అయినా నాలుగేళ్లు నడిచింది.

2023లో గది ఖాళీ చేయాల్సి వచ్చింది. ఒకరికి హైదరాబాద్‌లో ఉద్యోగం, ఒకరికి బెంగళూరులో, ఇద్దరం ఊళ్లకి. మంచం కింది సర్వర్‌ని ఎవరం తీసుకెళ్తాం? క్లౌడ్‌కి మార్చేద్దాం అనుకున్నాం. అమెజాన్ వాళ్ల ముంబై రీజియన్‌లో అకౌంట్ తెరిచాం.

మొదటి తప్పు: ఉన్నంత సైజు తీసుకోవడం

సైజు ఎంచుకునేటప్పుడు మా మధ్య ఐదు నిమిషాలు కూడా చర్చ జరగలేదు. పాతది 8 థ్రెడ్లు, 32 జీబీ. క్లౌడ్‌లో దానికి సరిగ్గా సరిపోయేది ఎం5 టూఎక్స్‌లార్జ్, 8 వీసీపీయూలు, 32 జీబీ. అదే తీసుకున్నాం. డిస్క్ 500 జీబీ పెట్టాం, ఎందుకైనా మంచిదని.

ఇప్పుడు ఆలోచిస్తే దాని వెనక ఇంకో మాట ఉంది. "ఎప్పుడూ మన వంతుకి చిన్నదే వస్తుంది, ఈసారైనా పెద్దది తీసుకుందాం" అని మాలో ఒకరం అన్నాం. మిగతా ముగ్గురం నవ్వాం గానీ, ముగ్గురికీ నచ్చిన మాటే అది. సర్వర్ సైజులో గౌరవం వెతుక్కున్నాం.

నెల తిరిగింది. జీఎస్టీతో కలిపి బిల్లు ముప్పై ఐదు వేలకి దగ్గరగా వచ్చింది. అప్పటికి మన సైట్ ఖాతాలో ఉన్నది నలభై ఎనిమిది వేలు. నెలనెలా వంద రూపాయల చందా, 61 మంది. ఆ వందల్లో తునికాకు కట్టలు కట్టిన డబ్బు ఉంది, మిరప కోతకి వెళ్లిన కూలి ఉంది. ఒక చెల్లెలు మూడు నెలల చందా ఒకేసారి పంపి, "లేటయింది అన్నా, ఏమనుకోకండి" అని మెసేజ్ పెట్టింది. ఆ బిల్లు పక్కన ఆ మెసేజ్ చదువుకుంటే మాకు తల ఎత్తబుద్ధి కాలేదు. తప్పు కంపెనీది కాదు. గంటకి ఎంతో ముందే రాసి ఉంది. నెలకి 730 గంటలు అని గుణించుకోనిది మేమే.

అప్పుడు మొదటిసారి సర్వర్ వాడకం గ్రాఫ్ తెరిచి చూశాం. సీపీయూ సగటున 3 శాతం. ఎనిమిదింటిలో 3 శాతం అంటే మొత్తం కలిపితే పావు వీసీపీయూ. అంటే ఎనిమిది ఎడ్లకి గడ్డి వేస్తూ, ఒక దూడతో పని చేయించుకుంటున్నాం.

చిన్నప్పుడు హాస్టల్లో యూనిఫాం గుర్తుందా? మన కొలత ఎవరూ తీసుకునేవాళ్లు కాదు. ఒకే కొలతతో కుట్టిన చొక్కాలు మూటలుగా వచ్చేవి. కొందరికి మోకాళ్ల దాకా వేలాడేవి, కొందరికి బొత్తాలు పట్టేవి కావు. దాని మీద ఎన్నిసార్లు నవ్వుకున్నామో, ఎన్నిసార్లు లోపల ఏడ్చామో మనకే తెలుసు. మన చేతిలో పని పెడితే, మనమూ కొలత తీసుకోకుండానే చొక్కా కుట్టించాం.

రెండో తప్పు: సగటు చూసి, భయంతో తగ్గించడం

మూడు శాతమే వాడుతున్నాం కదా అని ఈసారి అటువైపు పడ్డాం. చాలా చిన్నది, టీ3 మైక్రోకి మారిపోయాం. 2 వీసీపీయూలు, 1 జీబీ ర్యామ్. సర్వర్ అద్దె నెలకి ఏడెనిమిది వందల్లోకి దిగిపోయింది. గ్రూపులో గొప్పగా పోస్టు కూడా పెట్టాం. చాలామంది చప్పట్లు కొట్టారు.

టీ3 రకం సర్వర్లకి ఒక పద్ధతి ఉంది. ఇది తెలియకుండా ఎవరూ తీసుకోకండి. వాటిలో సీపీయూ పూర్తిగా మనది కాదు. గంటకి ఇన్ని అని క్రెడిట్లు జమ అవుతాయి. ఒక క్రెడిట్ అంటే ఒక వీసీపీయూని ఒక నిమిషం పూర్తిగా వాడుకునే హక్కు. మైక్రోకి గంటకి 12 క్రెడిట్లు. దాచుకోవడానికి హద్దు 288, అంటే ఒక రోజు సంపాదన. వాడకం తక్కువున్నప్పుడు దాచుకుని, రద్దీ వచ్చినప్పుడు ఖర్చు పెట్టుకోవాలి. దాచుకున్నది అయిపోతే ఒక్కో వీసీపీయూ 10 శాతం వేగానికి పడిపోతుంది. అలా పడకుండా అన్‌లిమిటెడ్ అనే పద్ధతి ఉంది, టీ3లో అది మామూలుగా ఆన్ అయ్యే ఉంటుంది. అప్పుడు వేగం తగ్గదు, కానీ ఎక్కువ వాడినదానికి వేరే డబ్బు వేస్తారు. మొదటి బిల్లు దెబ్బ తిన్న భయంతో మేం దాన్ని ఆపేశాం.

లెక్క వేసి ఉంటే అప్పుడే తెలిసేది. మా మామూలు వాడకం పావు వీసీపీయూ, అంటే గంటకి 14 క్రెడిట్ల పైనే ఖర్చు. సంపాదన 12. కూలి కంటే ఖర్చు ఎక్కువున్న ఇల్లు ఎన్నాళ్లు నడుస్తుంది? వారం లోపే దాచుకున్నదంతా అయిపోయింది. ఆ తర్వాత సాయంత్రమైతే చాలు సైట్ నత్తలా నడిచేది. "అన్నా, తెరుచుకోవట్లేదు" అని ఏజెన్సీ నుంచి మెసేజ్‌లు వచ్చేవి. మేం ఏం చెప్పామో తెలుసా? "మీ దగ్గర సిగ్నల్ బాలేదేమో చూడు తమ్ముడూ." మన ఊళ్లలో సిగ్నల్ మీద నెపం పెడితే ఎవరూ ఎదురు చెప్పరు. అడిగినవాళ్లు కూడా నిజమే కాబోలు అనుకుని ఊరుకున్నారు. ఈ ఒక్క మాటకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాం.

డిసెంబరులో ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తుకి ఆఖరు రోజు వచ్చింది. సర్టిఫికెట్ల లిస్టు కోసం మధ్యాహ్నం నుంచే జనం వచ్చారు. సీపీయూ 10 శాతం దగ్గర కట్టేసి ఉంది కాబట్టి ఒక్కో పేజీకి నిమిషం పైనే పడుతోంది. ముందు అడిగినవాళ్ల పని అవకముందే వెనక ఇంకొంతమంది. వచ్చిన ప్రతి ఒక్కరికీ పీహెచ్‌పీ ఒక ప్రాసెస్ తెరుస్తుంది. మా దగ్గర ఒక్కోటి 60 ఎంబీ తింటుంది. పది తెరిస్తే 600 ఎంబీ. డేటాబేస్ ఇంకా అక్కడే కూర్చుని ఉంది. ఉన్నది 1 జీబీ. రాత్రి ఏడు దాటాక ర్యామ్ అయిపోయి, లినక్స్ తనని తాను కాపాడుకోవడానికి డేటాబేస్‌నే చంపేసింది. మేం తేరుకుని మళ్లీ లేపేసరికి పది దాటింది.

ఆ మూడు గంటల్లో ఏం జరిగిందో తర్వాత తెలిసింది. పాడేరు వైపు ఒక తమ్ముడు సిగ్నల్ కోసం చీకట్లో గుట్ట ఎక్కి, గంటన్నర అక్కడే కూర్చున్నాడట. పేజీ తెరుచుకోలేదు. తనకి ఉన్న కాగితాలతోనే దరఖాస్తు పెట్టేశాడు, అందులో ఒకటి తక్కువైంది. తర్వాత గడువు పొడిగించారు కాబట్టి సరిచేసుకున్నాడు. పొడిగించకపోయుంటే? ఏడెనిమిది వందల సర్వర్‌తో మేం మిగిల్చిన డబ్బు ఆ అబ్బాయి ఏడాది చదువుకి సరిపోయేదా? అతను మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "సిగ్నల్ అన్నా" అన్నాడు. మేం నేర్పిన మాటే.

ఆ రాత్రే 16 జీబీ సర్వర్‌కి మార్చేసి పడుకున్నాం. భయంతో తగ్గించాం, మళ్లీ భయంతోనే పెంచాం. కొలత మాత్రం అప్పటికీ తీసుకోలేదు.

మేడారంలో తెలిసింది

2024 ఫిబ్రవరిలో నలుగురం మేడారం జాతరకి కలిశాం. జంపన్న వాగు దగ్గర స్నానాలు చేసి, ఆర్టీసీ వాళ్లు వేసిన తాత్కాలిక బస్టాండు పక్కన కూర్చున్నాం. మామూలు రోజుల్లో మేడారం ఎంత ఊరో మనకి తెలుసు. రెండేళ్లకోసారి ఆ నాలుగు రోజులకి లక్షల జనం. కొత్త క్యూలైన్లు, నల్లాలు, డేరాలు, వరసగా బస్సులు. జాతర అయ్యాక అన్నీ విప్పేస్తారు. ఆ బస్టాండుని రెండేళ్లూ అలాగే ఉంచరు. అలాగని జాతర రోజున మామూలు రోజు బస్సులతో సరిపెట్టరు. ఎప్పుడు జనం వస్తారో తేదీ ముందే తెలుసు కదా.

"మన గడువు తేదీలు కూడా ముందే తెలుసు కదరా" అన్నాం. అంతే, అక్కడే కాగితం తీశాం.

తిరిగొచ్చాక కొలత మొదలుపెట్టాం. మీరూ ఈ వరసలోనే చేయండి.

ఒకటి, కనీసం రెండు వారాలు చూడండి. వీలైతే మీ పనిలో రద్దీ రోజు ఒకటి ఆ రెండు వారాల్లో పడేలా చూడండి. సగటు ఒక్కటే చూడొద్దు, ఎక్కువలో ఎక్కువ ఎంత వెళ్లిందో చూడండి. మా సగటు 3 శాతమే, కానీ హాస్టల్ సీట్ల లిస్టు వచ్చిన రోజున 22 దాకా వెళ్లింది. ఎనిమిదింటిలో 22 శాతం అంటే దాదాపు రెండు వీసీపీయూలు పూర్తిగా. ఆ గీత గ్రాఫ్‌లో మొదటి నెలే ఉంది. మేం చూడలేదు.

రెండు, ర్యామ్ వేరేగా కొలవండి. అమెజాన్ గ్రాఫుల్లో సీపీయూ దానంతట అదే కనిపిస్తుంది, ర్యామ్ కనిపించదు. దానికి ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం సర్వర్‌లో వేసుకోవాలి. లినక్స్‌లో 'ఫ్రీ' కమాండ్ కొడితే కూడా తెలుస్తుంది, కానీ అక్కడ ఒక మోసం ఉంది. 'ఫ్రీ' అన్న కాలమ్‌లో ఎప్పుడూ కొంచెమే మిగిలినట్టు చూపిస్తుంది. ఖాళీ ర్యామ్‌ని లినక్స్ ఊరికే ఉంచదు, చదివిన ఫైళ్లని అందులో దాచుకుంటుంది, అవసరమైతే వదిలేస్తుంది. మీరు చూడాల్సింది 'అవైలబుల్' అన్న కాలమ్. మంచం కింది సర్వర్‌లో 32 జీబీ నిండిపోయినట్టే కనిపించేది. నిజంగా వాడుకున్నది 2 జీబీ లోపే.

మూడు, ఏం మోస్తున్నామో చూడండి. మా డిస్క్‌లో 140 జీబీ వాడకంలో ఉంటే, అందులో 120 జీబీ ప్రశ్నపత్రాల పీడీఎఫ్‌లు, ఆడియోలే. వాటిని ఇవ్వడానికి సర్వర్ అక్కర్లేదు. ఎస్3 లాంటి ఫైళ్ల గోదాములో పెట్టి, ముందు ఒక సీడీఎన్ తగిలిస్తే చాలు. ఆ ఒక్క పనితో సర్వర్ మీద భారం సగానికి పడిపోయింది. సైజు తగ్గించే ముందు మూట తగ్గించడం మంచిది.

నాలుగు, అప్పుడు లెక్క వేయండి. డేటాబేస్‌కి 700 ఎంబీ, పది పీహెచ్‌పీ ప్రాసెస్‌లకి 600, సిస్టంకి 300. మొత్తం 1.6 జీబీ. పైన ముప్పై శాతం ఖాళీ ఉంచితే 2 జీబీ దాటింది. కాబట్టి 4 జీబీ ఉన్న టీ3 మీడియం. దానికి గంటకి 24 క్రెడిట్లు వస్తాయి, అంటే 20 శాతం ఎప్పుడూ మనది. ఫైళ్లు బయటికి పోయాక మా సగటు అందులో 6 శాతం. సంపాదన ఎక్కువ, ఖర్చు తక్కువ. ఇల్లు నడుస్తుంది. పీహెచ్‌పీ ప్రాసెస్‌లకి పది అని హద్దు కూడా పెట్టాం. జనం ఎక్కువైతే కాసేపు ఆగుతారు గానీ డేటాబేస్ చావదు.

ఐదు, జాతర రోజులకి వేరే ఏర్పాటు. గడువు తేదీల క్యాలెండర్ పెట్టుకున్నాం. మూడు రోజుల ముందు, రాత్రి రెండింటికి సర్వర్ ఆపి, రకం మార్చి, మళ్లీ లేపుతాం. ఐదు నిమిషాల పని. ఎం5 లార్జ్‌కి మారతాం, 2 వీసీపీయూలు, 8 జీబీ, క్రెడిట్ల గొడవ లేదు. ఆ రోజుల్లో ప్రాసెస్‌ల హద్దు కూడా పెంచుతాం. గడువు దాటిన రాత్రి వెనక్కి. ఒక జాగ్రత్త: ఆపి లేపితే ఐపీ అడ్రస్ మారిపోతుంది. మారకుండా ఎలాస్టిక్ ఐపీ ముందే పెట్టుకోండి.

అజూర్‌లో బీ సిరీస్‌కి కూడా ఇలాంటి క్రెడిట్ల పద్ధతే ఉంది. పేర్లు మారతాయి, లెక్క మారదు.

సైజు కాకుండా బిల్లులో దాక్కునేవి

సర్వర్ ఆపేస్తే దాని అద్దె ఆగుతుంది గానీ డిస్క్ అద్దె ఆగదు. డిస్క్‌ని తర్వాత పెంచుకోవచ్చు, తగ్గించలేం. మా 500 జీబీ తగ్గించడానికి కొత్తగా 40 జీబీ డిస్క్ పెట్టి, అంతా కాపీ చేసి, పాతది తీసేయాల్సి వచ్చింది. కాబట్టి చిన్నగా మొదలుపెట్టండి. పాత జీపీ2 రకం కంటే జీపీ3 డిస్క్ జీబీకి 20 శాతం తక్కువ.

2024 ఫిబ్రవరి 1 నుంచి అమెజాన్‌లో ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కి గంటకి అర సెంటు చొప్పున పడుతుంది. చిన్న సర్వర్‌కి అదీ లెక్కే. వాడని అడ్రస్‌లు వదిలేయండి.

మాలో ఒకరం పరీక్ష కోసం తెరిచిన సర్వర్ ఎన్నో వారాలు అలాగే నడిచింది. మేం దాన్ని ముట్టుకునేది శని, ఆదివారాల్లో పన్నెండు గంటలు. వారానికి 168 గంటలకి కడుతున్నాం. ఇప్పుడు పని అవ్వగానే ఆపేస్తాం.

ఏడాదికో మూడేళ్లకో మాట ఇస్తే రేటు బాగా తగ్గిస్తారు. కానీ సైజు కుదరకముందు ఆ మాట ఇవ్వొద్దు. మొదటి నెలలోనే మేం ఏడాదికి ఒప్పుకునుంటే, ఆ పెద్ద సర్వర్‌కి ఏడాదంతా కడుతూ ఉండేవాళ్లం. మూడు నెలలు ఒకే సైజు మీద నడిచాకే ఆలోచించండి.

అన్నిటికంటే ముందు, అకౌంట్ తెరిచిన రోజే బడ్జెట్ అలారం పెట్టండి. మాది ఇప్పుడు మూడు వేలు దాటగానే నలుగురి ఫోన్లకీ మెయిల్ వస్తుంది.

ఇప్పటి లెక్క

మామూలు నెలలో పన్నుతో కలిపి నాలుగు వేల చిల్లర. గడువులున్న నెలలో ఐదున్నర వేల దాకా. చందా ఆరు వేల వంద. మొదటి నెలతో పోలిస్తే ఎనిమిదో వంతు కంటే కాస్త ఎక్కువ. మైక్రోతో పోలిస్తే చాలా ఎక్కువే. ఆ ఎక్కువ గురించి ఎవరైనా అడిగితే, గుట్ట మీద కూర్చున్న తమ్ముడి సంగతి చెప్తాం.

పోయినసారి ఆఖరు రోజున నలుగురం రాత్రంతా గ్రాఫ్ చూస్తూ కూర్చున్నాం. సీపీయూ సగం కూడా దాటలేదు. ఒక్క ఫోను రాలేదు. పన్నెండు దాటాక ఆ పాడేరు తమ్ముడికే మెసేజ్ పెట్టాం, సైట్ ఎలా ఉంది అని. "నేను సాయంత్రమే పెట్టేశా అన్నా, ఇంట్లోంచే" అన్నాడు. మరి సిగ్నల్? "అప్పుడప్పుడూ ఒక గీత వస్తది అన్నా. మీ పేజీ ఒక గీతకే తెరుచుకుంది."

ఇన్నాళ్లూ ఆ ఒక గీతని మేమే వృథా చేశాం అని అప్పుడు తెలిసింది.

లైబ్రరీ తమ్ముడూ, ఆఫీసు తమ్ముడూ, మీ ప్రశ్నకి జవాబు ఇంతే. సైజు మమ్మల్ని అడక్కండి, రెండు వారాల గ్రాఫ్‌ని అడగండి. సగటు ఎంత, ఎక్కువలో ఎక్కువ ఎంత, ర్యామ్‌లో అవైలబుల్ ఎంత, జాతర రోజు ఎప్పుడు. ఈ నాలుగు రాసుకుని ఇక్కడ పెట్టండి. ఆదివారం సాయంత్రం అందరం కలిసి కూర్చుని లెక్క వేద్దాం. ఈసారి కొలత తీసుకునే కుట్టిద్దాం.

జోహార్.